చేప వెన్నులో పల్నాటి ప్రశ్న

కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల తిరునాళ్ల మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఈ అయిదు రోజులూ పల్నాడంతా నాగులేటి ఒడ్డునే ఉంటుంది. ఎక్కడెక్కడో స్థిరపడినవాళ్లు సంక్రాంతికి రాకపోయినా దీనికి మాత్రం వస్తారు. అలా వచ్చిన నా పాత విద్యార్థిని ఒకమ్మాయి వీరుల గుడి దగ్గర కనిపించింది. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. తనిప్పుడు హైదరాబాద్‌లో ఎముకల మీద పరిశోధన చేస్తోంది.

మెట్లెక్కలేక కిందే నిలబడి దణ్ణం పెట్టుకుంటున్న ఆడవాళ్లను చూపించి ఆమె అడిగింది. “మాస్టారూ, మన ఊళ్లో నలభై దాటాక మోకాళ్లు పట్టుకోని మనిషి ఎవరైనా ఉన్నారా? మేం రోజూ చూసేది చేపల ఎముకలే గానీ, అడిగే ప్రశ్న ఇదే. ఒకసారి వచ్చి మా ల్యాబు చూడండి.”

చేపకూ మోకాలికీ ఏమిటి సంబంధం? పిల్లలకు పాఠం చెప్పినంత కాలం చేపను మొప్పల కోసం, ఈత కోసం చెప్పాను తప్ప ఎముక కోసం ఎప్పుడూ చెప్పలేదు. ఆ ప్రశ్నే నన్ను బస్సెక్కించింది.

మాచర్ల, సాగర్ మీదుగా హైదరాబాద్ వెళ్లే దారిలో ఎముకల కథ సగం నేలలోనే కనపడుతుంది. మా వైపు భూమి కింద ఉన్నది సున్నపురాయి. నాపరాళ్ల గనులు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, సిమెంటు ఫ్యాక్టరీలు దాని మీద బతికేవే. కృష్ణ దాటి నల్గొండ జిల్లాలో కొంత దూరం వెళ్లాక రాయి మారుతుంది. మల్లేపల్లి, చింతపల్లి, మాల్ దగ్గర ఎటు చూసినా గ్రానైటు గుండ్లే. మా ఊళ్లో ఎవరికి కీళ్లనొప్పి వచ్చినా సున్నపు నీళ్ల వల్లనే అంటారు. కానీ ఎముకను నిజంగా చెడగొట్టే ఫ్లోరైడ్ ఎక్కువగా గ్రానైటు నేలల బోర్లలో ఊరుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి గట్టిపడి విడిపోతుంది. అందుకే సున్నపు నీళ్లలో అది సాధారణంగా తక్కువ. పల్నాడులో ఫ్లోరైడ్ బాధ ఎక్కువగా వినిపించేది వినుకొండ, బొల్లాపల్లి వైపు నుంచి.

తెలుగు నేలకు ఈ జబ్బుతో పరిచయం చాలా పాతది. 1937లోనే షార్ట్ అనే వైద్యుడి బృందం అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు బిగుసుకుపోయిన మనుషులను పరీక్షించి, దానికి కారణం తాగే నీళ్లలోని ఫ్లోరైడేనని రాసింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్గొండ ప్రాంతంలో మరో రూపాన్ని గమనించారు. ఎదిగే వయసు పిల్లల్లో మోకాళ్లు రెండూ ఒరుసుకుని పాదాలు ఎడంగా పోతున్నాయి. వాళ్ల ఎముకలు గుల్లబారి ఉన్నాయి. ఆ తర్వాత తిండికి కూడా ఇందులో పాత్ర ఉందేమోనని అదే సంస్థ అక్కడి జొన్నల్లో మాలిబ్డినం, రాగి ఎంతెంత ఉన్నాయో కూడా కొలిచింది. ఫ్లోరైడ్ ఒక్కటే అయినా ఒకరి ఎముక బండలా బిగుస్తుంది, ఇంకొకరిది వంగిపోతుంది. ఎముక లోపల ఏం జరుగుతోంది? బతికున్న మనిషి ఎముకలోకి తొంగి చూసే దారి లేదు. ఎక్స్‌రేలో కనపడేది జరిగిపోయిన నష్టమే. జరుగుతున్నదాన్ని చూడాలంటే ఒళ్లు పారదర్శకంగా ఉండి, ఎముకలున్న జీవి కావాలి. ఆ జీవే చేప.

ల్యాబు గుమ్మంలోనే ఆ అమ్మాయి చెప్పులు మార్పించి, చేతులు కడిగించి చేపల గదిలోకి తీసుకెళ్లింది. గోడ పొడుగునా ఇనప అరలు, వాటిలో చిన్న చిన్న ప్లాస్టిక్ తొట్లు, ఒక్కో తొట్టికి ఒక నీటి గొట్టం. వాడిన నీరు కిందికి దిగి, వడపోతలు, అతినీలలోహిత దీపాలు దాటి మళ్లీ పైకొస్తుంది. నీటి వేడి 28 డిగ్రీల పైచిలుకు, ఏడాది పొడుగునా అంతే. 14 గంటలు వెలుతురు, 10 గంటలు చీకటి. ప్రతి తొట్టి మీదా చీటీ: ఏ వంశం, ఎప్పుడు పుట్టినవి, ఏ జన్యువు మార్చినవి.

మూడు నాలుగు సెంటీమీటర్లు మించని జీబ్రా చేపలు ఒంటి పొడుగునా నీలిచారలతో గుంపుగా తిరుగుతున్నాయి. ఇవి విదేశాల నుంచి తెచ్చుకున్న జాతి కాదు. గంగ, బ్రహ్మపుత్రల వైపు వరిపొలాల్లో, పారీపారని కాలువల్లో పుట్టి పెరిగే మన చేపలు. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో దీన్ని మొదట వర్ణించాడు. తర్వాత ఇది ప్రపంచమంతా ఇళ్లలో గాజుతొట్ల చేపగా వ్యాపించింది. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ దీన్ని జన్యుశాస్త్రానికి పనికొచ్చేలా తీర్చిదిద్ది 1981లో ఆ పని ప్రకటించాడు. ఇవాళ హైదరాబాద్‌లోనే సీసీఎంబీ పరిశోధన కేంద్రంలోనూ, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లోనూ ఈ చేపలతో రకరకాల పరిశోధనలు సాగుతున్నాయి.

“ఎలుకలు ఉండగా చేపలెందుకమ్మా?” అని అడిగాను.

“ఎలుక పిల్ల తల్లి కడుపులో పెరుగుతుంది మాస్టారూ, చూడలేం. ఇది మన కళ్లముందు గిన్నెలో పెరుగుతుంది” అంటూ ఇంకో గదిలోకి దారి తీసింది. అక్కడి బల్ల మీద జతకట్టించే పెట్టెలు ఉన్నాయి. సాయంత్రం మగచేపను, ఆడచేపను మధ్యలో అడ్డు పెట్టి వదులుతారు. పొద్దున దీపాలు వెలగగానే అడ్డు తీస్తారు. తెల్లవారే వేళకే ఇవి గుడ్లు పెడతాయి. పెట్టె అడుగున జల్లెడ ఉంటుంది. గుడ్లు దాని కిందికి జారిపోతాయి, లేకపోతే పెద్ద చేపలే తినేస్తాయి. ఒక్క ఆడచేప ఒక విడతలో 200 గుడ్ల దాకా పెట్టగలదు. గుడ్డు ఒక మిల్లీమీటరు, అద్దంలా తేట. ఒక రోజు తిరిగేసరికి లోపల గుండె కొట్టుకోవడం కనపడుతుంది. మూడో రోజుకు పిల్ల బయటికి వస్తుంది. మూడు నెలల్లో అది కూడా గుడ్లు పెట్టే వయసుకు వస్తుంది. వందల పిల్లల మీద ఒకేసారి ఒక మందును పరీక్షించవచ్చు. మందును సూదితో ఎక్కించే పని కూడా ఉండదు, నీళ్లలో కలిపితే చాలు.

జన్యువుల లెక్క 2013లో తేలింది. జీబ్రా చేప జన్యుపటం పూర్తిగా ప్రకటించినప్పుడు, మనిషి జన్యువుల్లో 70 శాతానికి ఈ చేపలో కనీసం ఒక బంధువు ఉన్నట్టు కనపడింది. ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్ కణాలు, ఎముకను తినే ఆస్టియోక్లాస్ట్ కణాలు, ఎముకకు పట్టునిచ్చే కొల్లాజెన్ ప్రొటీను అన్నీ చేపలోనూ ఉన్నాయి. 2003లో ‘చివావా’ అనే చేప వంశంలో ఎముకలు వంకరపోయి ఊరికే విరగడాన్ని శాస్త్రవేత్తలు వర్ణించారు. కారణం వెదికితే అది కొల్లాజెన్ జన్యువులోనే దొరికింది. మన పిల్లల్లో చిన్న దెబ్బకే ఎముకలు విరిగే జబ్బుకు మూలం కూడా చాలావరకు కొల్లాజెన్ జన్యువుల్లోనే ఉంటుంది.

సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. వారం రోజులు దాటిన పిల్ల ఒకటి మత్తుమందు కలిపిన నీళ్లలో కదలకుండా పడుకుని ఉంది. మామూలు వెలుతురులో చూస్తే గాజుముక్కలో రెండు నల్లటి కళ్లు తప్ప ఏమీ లేదు. ఆమె ఒక మీట నొక్కి వెలుతురు రంగు మార్చింది. నల్లటి తెర మీద దవడ, మొప్పల మీది మూత, భుజపు ఎముక, తల వెనక మొదలైన వెన్నుపూసలు ఎర్రగా వెలిగాయి. ఏ భాగంలో సున్నం దిగిందో ఆ భాగమే వెలుగుతోంది. ఇంకా సున్నం దిగని తోక వైపు అంతా చీకటి. జీవశాస్త్రం చెప్పినవాడిగా అస్థిపంజరం పటాలు ఎన్నో గోడలకు తగిలించాను. అస్థిపంజరం తయారవుతుండగా చూడడం నాకిదే మొదలు.

“ఆ ఎరుపు ఏమిటో చెప్పుకోండి మాస్టారూ. అలిజరిన్” అంది.

అలిజరిన్ పేరు వినగానే నాకు మచిలీపట్నం కలంకారీ గుర్తొచ్చింది. ఆ బట్టల మీది ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. కోస్తా ఇసుక నేలల్లో తవ్వి తీసే ఆ వేరులోని రంగు పదార్థం అలిజరినే. అదే రంగు యూరపులో మ్యాడర్ అనే మొక్క వేరులో ఉంటుంది. 1736లో లండన్ వైద్యుడు జాన్ బెల్చియర్ ఒక అద్దకం వ్యాపారి ఇంట్లో భోజనానికి కూర్చుంటే, పంది ఎముకలు ఎర్రగా కనపడ్డాయట. అద్దకంలో మిగిలిన వేళ్ల పిప్పితో కలిసిన తవుడు ఆ పందులు తిన్నాయి. కడుపులోకి పోయిన రంగు ఎముకకే పట్టింది, మాంసానికి పట్టలేదు. అలిజరిన్ కాల్షియంతో బంధం వేసుకుంటుంది గనుక. ఎముక ఎప్పుడూ మారుతూ ఉండే సజీవ ధాతువని తెలుసుకోవడానికి ఆ ఎరుపే మొదటి సాధనమైంది. 1868లో జర్మన్ రసాయనవేత్తలు దాన్ని కృత్రిమంగా తయారుచేశాక అద్దకపు వేళ్ల వ్యవసాయం దెబ్బతింది. ఇప్పుడు ఆ కృత్రిమ రంగే కొద్దిపాటి మోతాదులో బతికున్న చేపపిల్లకు పూసి, దాని వెన్నును కంప్యూటరు తెర మీద చూపిస్తోంది. మన అద్దకపువాళ్ల చేతిలో పండిన రంగు ఎముకల శాస్త్రానికి ఇంత దగ్గరి చుట్టమని నాకు ఇన్నేళ్లకు తెలిసింది.

ఎముక ఒకసారి గట్టిపడితే అంతే అనుకుంటాం. నిజానికి అక్కడ రాత్రీ పగలూ రెండు ముఠాల మేస్త్రీలు పనిచేస్తుంటారు. ఒక ముఠా పాతబడిన గోడను పడగొడుతుంది, వెనకే ఇంకో ముఠా కొత్త గోడ కడుతుంది. పడగొట్టేది ఎక్కువైతే ఎముక గుల్లబారుతుంది. కట్టేది అదుపు తప్పితే అక్కర్లేనిచోట ఎముక పెరుగుతుంది. చేపలో ఈ రెండు ముఠాలకూ రెండు వేర్వేరు రంగుల మెరిసే ప్రొటీన్లు తగిలిస్తారు. ఎవరు ఎక్కడ ఎంతసేపు పనిచేస్తున్నారో సినిమాలా చూస్తారు. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో క్రిస్టోఫ్ వింక్లర్ బృందం 2012లో ఇలాంటి పనే మెడాకా అనే జపాన్ వరిమడుల చేపలో చేసింది. వేడి తగిలించగానే పడగొట్టే కణాలు విజృంభించి వెన్ను గుల్లబారేలా ఆ చేపను మలిచారు. మనిషికి గుల్ల ఎముకల జబ్బుకు వాడే బిస్‌ఫాస్ఫోనేట్ మందులు ఆ కణాలను ఎలా ఆపుతాయో తర్వాత బతికున్న చేపలోనే చూశారు.

పెద్ద చేపలనూ వదలరు. వాటి పొలుసు కూడా ఎముక జాతిదే. పొలుసు ఒకటి తీస్తే కొత్తది వస్తుంది. తోక రెక్క కొస కత్తిరిస్తే రెండు మూడు వారాల్లో దాని ఎముక కిరణాలతో సహా తిరిగి మొలుస్తుంది. పుణెలోని అగార్కర్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ చేప వెన్నుపూసల మధ్య డిస్కుల మీద పనిచేసి, సీసీఎన్2ఏ అనే ప్రొటీను అరిగిన డిస్కు తిరిగి కోలుకోవడానికి తోడ్పడుతుందని 2023లో ప్రకటించారు. నడుం నొప్పితో పొలం పనికి పోలేనివాళ్లు ఇంటికొకరున్న ఊరివాడిగా ఆ మాట నాకు ఎంతో ముఖ్యమనిపించింది. అది మందుగా మారడానికి ఇంకా చాలా దూరం ఉందని ఆమె అప్పుడే చెప్పింది.

తర్వాత తెర మీద రెండు వెన్నులు పక్కపక్కన పెట్టింది. ఒకటి మామూలు పిల్లది. రెండోది ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ కలిపిన నీళ్లలో కొద్దిరోజులు పెరిగిన పిల్లది. రెండోదానిలో ఎర్రటి పూసలు తక్కువ, ఉన్నవి కూడా మసక. ఈ పద్ధతిని 2006లోనే పరిశోధకులు ప్రచురించారు. స్టెరాయిడ్ ఎముకను ఎలా తింటుందో చూపడానికి ఇప్పుడు చాలా ల్యాబుల్లో వాడుతున్నారు. ఆ బొమ్మ చూసి నా నోట మాట రాలేదు. మా పల్లెల్లో మోకాళ్ల నొప్పికి కాగితంలో చుట్టి ఇచ్చే మాత్రల్లో చాలాసార్లు ఉండేది ఇలాంటి స్టెరాయిడే. వేసుకున్న పూట నొప్పి పోతుంది, మనిషి లేచి పనికి పోతాడు. నెలల తరబడి వేసుకుంటే ఎముకకు జరిగేది ఈ తెర మీద కనపడుతోంది. ఆస్తమాకో, ఇంకో పెద్ద జబ్బుకో డాక్టరు రాసిన స్టెరాయిడ్‌ను హఠాత్తుగా మానడం ప్రమాదం. కానీ పేరు లేని నొప్పి మాత్రను ఏళ్లకేళ్లు మింగడం కూడా పెద్ద ప్రమాదమే.

నేను పల్నాడు నుంచి మోసుకెళ్లిన ప్రశ్న అప్పుడు అడిగాను. ఫ్లోరైడ్ సంగతేమిటి?

ఎముక గట్టిదనానికి మూలం హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు. ఫ్లోరైడ్ ఆ స్ఫటికంలో హైడ్రాక్సిల్ చోటు ఆక్రమిస్తుంది. పైగా ఎముక కట్టే కణాలను ఉసిగొల్పుతుంది. ఎక్స్‌రేలో ఎముక దట్టంగా, తెల్లగా కనపడుతుంది. కీళ్లను పట్టి ఉంచే నారలు కూడా ఎముకలా బిగుసుకుంటాయి. మనిషి మెడ తిప్పలేడు, గొంతుక్కూర్చోలేడు. దట్టంగా ఉన్నంతమాత్రాన ఎముక బలంగా ఉన్నట్టు కాదు. ఒకప్పుడు గుల్ల ఎముకలకు సోడియం ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూశారు. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు 1990లో వెలువరించిన ఫలితం ఏమిటంటే, వెన్నెముక సాంద్రత బాగా పెరిగింది గానీ మిగతా ఎముకలు విరగడం ఎక్కువైంది.

“చేపపిల్లను ఎంత ఫ్లోరైడ్ కావాలంటే అంత ఉన్న నీళ్లలో పెంచొచ్చు మాస్టారూ. ఆ నీళ్లలోనే కాల్షియం పెంచి చూడొచ్చు, తగ్గించి చూడొచ్చు. ఏ కణం ముందు రెచ్చిపోతుందో, ఏ రోజు నుంచి తేడా మొదలవుతుందో తెలుస్తుంది. ఒకే బోరు నీళ్లు తాగే ఇద్దరిలో ఒకరికే నడుము ఎందుకు బిగుస్తుందో అడగడానికి ఇది మంచి దారి” అంది.

“నీళ్లలో తేలే చేపకు మోకాలి బరువు ఏం తెలుస్తుందమ్మా?”

ఆమె దాటవేయలేదు. చేపకు మోకాలు లేదు. ఒంటి బరువు నీరే మోస్తుంది. మన ఎముకల్లో రక్తం పుట్టించే మజ్జ ఉంటుంది, చేపకు ఆ పని మూత్రపిండంలో జరుగుతుంది. మెడాకా ఎముకలోనైతే మనకున్నట్టు లోపల ఇమిడిపోయిన కణాలే లేవు, జీబ్రా చేపలో ఉన్నాయి. చేపల్లో చాలా జన్యువులు రెండేసి ప్రతులుగా ఉంటాయి కాబట్టి ఒకటి పాడుచేస్తే రెండోది పని నెట్టుకొస్తుంది. అయినా బరువుకూ చేప ఎముకకూ సంబంధం లేకపోలేదు. 2012లో మెడాకా చేపలను అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపి 56 రోజులు ఉంచారు. అక్కడ ఎముక తినే కణాలు చురుకై, గొంతులోని పళ్ల ఎముకలో ఖనిజం తగ్గిందని జపాన్ శాస్త్రవేత్తలు 2015లో రాశారు. వ్యోమగాములకు ఎముక తగ్గే కారణాన్ని వెదకడంలో అది ఒక మెట్టు. చేపలో తేలినదాన్ని ఎలుకలో, ఆపైన మనిషిలో సరిచూసుకున్నాకే అది వైద్యమవుతుంది.

చేపల బాధ గురించీ అడిగాను. సంస్థలోని జంతు నీతి సంఘం అనుమతి లేనిదే ఏ ప్రయోగమూ మొదలుపెట్టరు. ఎన్ని చేపలు, ఎందుకు, అంతకంటే తక్కువతో కుదరదా అని రాసివ్వాలి. రెక్క కత్తిరించే ముందు మత్తు ఇస్తారు. అనవసరంగా ఒక్క ప్రాణినీ వాడకపోవడం మంచి శాస్త్రంలో భాగమని ఆ గదిలో పనిచేసే పిల్లలందరూ నమ్ముతున్నారు. వాళ్లు చేపలకు మేత వేసే తీరు చూస్తే అది పైపై మాట కాదని తెలుస్తుంది.

బయటికి వచ్చేటప్పుడు నా మనసులో ఒక విషయం ఖాయమైంది. చేప మనకు ‘ఎందుకు’ అన్నదానికి జవాబు ఇస్తుంది. ఆ జవాబు మీద రేపటి మందులు నిలబడతాయి. దానికోసం ఇలాంటి ల్యాబులకు ప్రభుత్వం ధారాళంగా డబ్బివ్వాలి. ఎలుకల గదికంటే చేపల గది చాలా చవక. గుంటూరు, నరసరావుపేట కళాశాలల్లో కూడా ఒక చిన్న చేపల గది ఉండొచ్చు, మన నీళ్ల ప్రశ్నను మన పిల్లలే అడగొచ్చు. కానీ ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బుకు ఇవాళ్టికి మందు లేదు. బిగిసిన నడుమును వెనక్కి తెచ్చే మాత్ర లేదు. ఉన్న ఒకే రక్షణ మంచినీళ్లు. నల్గొండ పల్లెల్లో కొత్త తరానికి ఆ బాధ తగ్గిందంటే అది గొట్టాల్లో వచ్చిన నదీజలం చలవే.

కాబట్టి పల్నాడు పాఠకులకు నా విన్నపం. మీ ఇంటి బోరు నీళ్లు ఒక శుభ్రమైన సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఇచ్చి ఫ్లోరైడ్ ఎంతో చూపించుకోండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. 1.5 దాటితే ఆ నీళ్లు తాగడానికీ వంటకూ వాడకండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో శుద్ధిచేసే నల్గొండ పద్ధతి ఉంది, కానీ నదీజలం అందే ఊళ్లలో ఆ నది నీళ్లే మేలు. పిల్లలకు పాలు, రాగులు, ఆకుకూరలు తగ్గనివ్వకండి. నొప్పి మాత్ర కొనేటప్పుడు దాని పేరేమిటో, అందులో స్టెరాయిడ్ ఉందో లేదో అడిగి తెలుసుకోండి. ఎదిగే పిల్లలున్న ఇల్లయితే నీళ్ల పరీక్ష ఈ నెలలోనే చేయించండి.